చూపుడు వేలి విలువ 14 శాతం

మనిషి శరీరానికి మన చట్టంలో ఒక ధరల పట్టిక ఉంది. బొటనవేలు పోతే 30 శాతం. చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతం. మధ్యవేలు 12. ఉంగరపు వేలైనా చిటికెన వేలైనా 7. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. 1923 నాటి నష్టపరిహార చట్టం షెడ్యూల్లో ఉన్న ఈ పట్టిక 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకి కూడా వచ్చి చేరింది. ఇవి నొప్పికి కొలతలు కావు. కార్మికుల సంపాదనా శక్తి ఎంత తగ్గిందో చెప్పే లెక్కలు మాత్రమే.

ఆ లెక్క ఎలా వేస్తారో ఒకసారి చూద్దాం. నెల జీతంలో 60 శాతం తీసుకుని, వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చిస్తారు. 30 ఏళ్ల వయసుకు ఆ గుణకం 207.98. వచ్చిన మొత్తంలో పోయిన వేలి శాతాన్ని కడతారు. నెలకు 10,000 రూపాయలు తీసుకునే 30 ఏళ్ల స్త్రీకి చూపుడు వేలు తెగిపోతే సుమారు 1,74,700 రూపాయలు వస్తుంది. అదే యంత్రం మీద, అదే వయసులో, 15,000 రూపాయల జీతం ఉన్న ఆపరేటర్‌కు సుమారు 2,62,000 వస్తుంది. యంత్రం ఒకటే, గాయం ఒకటే. హాజరు పుస్తకంలో ఆమె పేరు పక్కన 'హెల్పర్' అని రాసి తక్కువ జీతం ఇచ్చినందుకు, గాయపడ్డాక కూడా ఆమె 87,000 రూపాయలకు పైగా నష్టపోతుంది. ఇ.ఎస్.ఐ. వర్తించే చోట ఈ సొమ్ము ఒక్కసారిగా కాక నెలనెలా వస్తుంది. కానీ అక్కడా లెక్కకు మూలం జీతమే.

లోహ విడిభాగాల తయారీలో పనిచేసే స్త్రీల ఆరోగ్యం గురించి మాట్లాడటానికి ఈ పట్టికతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ స్త్రీలు మనకు కనబడరు. బీడీ కార్మికురాలిని గుర్తుపడతాం. బట్టలు కుట్టే ఫ్యాక్టరీ అమ్మాయిలను గుర్తుపడతాం. రేకు కత్తిరించే షెడ్డు అనగానే మాత్రం మన కళ్ల ముందు మగవాడే నిలబడతాడు. హైదరాబాద్ చుట్టూ బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కుషాయిగూడ వాడల్లోనూ, మన పట్టణాల ఆటోనగర్లలోనూ తయారయ్యే పట్టీలు, వాషర్లు, బ్రాకెట్లు, గొళ్లేలు, స్విచ్చుల లోపలి రేకు ముక్కలు ఎన్నో చేతులు మారి బయటికి వస్తాయి. ఆ చేతుల్లో స్త్రీల చేతులూ ఉన్నాయి. ప్రెస్సులో ముక్క పెట్టడం, డ్రిల్లింగు, అంచుల గరుకు తీయడం, నూనె మరకలు కడగడం, లెక్కపెట్టి ప్యాక్ చేయడం వంటి పనులు వాళ్లకు అప్పగిస్తారు. ఇవన్నీ కలిపి పుస్తకంలో ఒకే పేరు: హెల్పర్. నైపుణ్యం లేని పని అని దాని అర్థం. వంటపనిని నైపుణ్యం కాదన్న సమాజమే ఈ పనికీ ఆ పేరు పెట్టింది.

ప్రెస్సు సంగతి తెలియని వారి కోసం కొంచెం వివరించాలి. పెద్ద చక్రం ఒకటి ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. పెడల్ తొక్కగానే క్లచ్ కలుసుకుని, పై అచ్చు కింది అచ్చు మీదికి దిగుతుంది. మధ్యలో ఉన్న రేకు తెగుతుంది లేదా వంగుతుంది. పాత రకం ప్రెస్సుల్లో క్లచ్ ఒకసారి పడిందంటే ఆ తిరుగుడు పూర్తయ్యేదాకా అచ్చును ఆపే మార్గం లేదు. చెయ్యి అడ్డం వస్తే ఆపే కాంతి తెరల సెన్సారు అలాంటి యంత్రానికి బిగించినా ఫలితం ఉండదు, ఎందుకంటే సెన్సారు చెప్పినా యంత్రం ఆగలేదు. క్లచ్‌లో కీ అరిగినా, స్ప్రింగ్ విరిగినా పెడల్ తొక్కకుండానే అచ్చు రెండోసారి దిగుతుంది. ముక్క తీయడానికి చెయ్యి లోపల పెట్టిన క్షణం అదే అయితే ఇక చెప్పేదేముంది?

దీనికి విరుగుడు ఎవరికీ తెలియని రహస్యం కాదు. చెయ్యి దూరడానికి వీల్లేని కంచె బిగించవచ్చు. రెండు చేతులతో రెండు మీటలు నొక్కితేనే కదిలే ఏర్పాటు చేయవచ్చు. ముక్కను పట్టకారుతో పెట్టేలా, దానంతటదే జారిపడేలా అచ్చును తయారు చేయవచ్చు. అచ్చుల తయారీ నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 1968లోనే బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను నెలకొల్పింది. జ్ఞానం మన ఊళ్లోనే ఉంది. లేనిది దాన్ని అమలు చేయాలన్న ఒత్తిడి. కంచె ఉంటే గంటకు వచ్చే ముక్కల సంఖ్య తగ్గుతుంది. అందుకని కంచె విప్పి మూలన పెడతారు, రెండు మీటల్లో ఒకదాన్ని తీగతో కట్టేస్తారు. ఢిల్లీ చుట్టుపక్కల మానేసర్, ఫరీదాబాద్‌లలో వాహనాల విడిభాగాలు చేసే కార్మికులు వేళ్లు పోగొట్టుకోవడం గురించి సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్ 2019 నుంచి నివేదికలు ప్రచురిస్తోంది. వేలాది గాయాల వెనుక ఆ నివేదికల్లో మళ్లీ మళ్లీ కనబడే యంత్రం పవర్ ప్రెస్సే.

ప్రమాదం జరిగాక వినబడే మాటలు మనకు తెలిసినవే. 'కొంగు సర్దుకోలేదు', 'గాజులు వేసుకొచ్చింది', 'పరధ్యానంగా ఉంది'. తిరిగే యంత్రం దగ్గర కొంగు, గాజులు, ఉంగరం ప్రమాదమే, సందేహం లేదు. డ్రిల్లు దగ్గర చేతి తొడుగు కూడా ప్రమాదమే. అయితే పనికి తగ్గ బట్టలు ఇవ్వాల్సింది ఎవరు?

ఇక్కడ చట్టం చెప్పిన మాట వింటే ఆశ్చర్యం కలుగుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ ప్రకారం నడుస్తున్న యంత్రాన్ని పరీక్షించాల్సి వస్తే ఆ పని ప్రత్యేకంగా శిక్షణ పొందిన వయోజన పురుష కార్మికుడే చేయాల్సి ఉండేది. అతనికి ఒంటికి అతుక్కునే బట్టలు యాజమాన్యమే ఇవ్వాల్సి ఉండేది. అదే సెక్షన్‌లోని రెండో భాగం, నడిచే యంత్రాన్ని తుడవడానికీ నూనె వేయడానికీ స్త్రీలనూ పిల్లలనూ అనుమతించకూడదనేది. అంటే శిక్షణ, బట్టలు, రిజిస్టరులో పేరు పురుషుడికి. నిషేధం స్త్రీకి. ఆ నిషేధంలో కూడా ఆమె స్థానం పిల్లల పక్కన. క్రోమియం పూత వేసే తొట్ల దగ్గర స్త్రీలు పనిచేయకూడదని ఆ చట్టం కింద చేసిన నియమాలు చెప్పాయి. 66వ సెక్షన్ రాత్రి ఏడు తర్వాత ఆమెను గేటు బయట ఉంచింది. 2000లో మద్రాసు హైకోర్టు ఆ నిబంధనను వివక్షగా భావించి కొట్టివేసింది.

నిషేధం కాగితం మీద ఉండగానే స్త్రీ ఆ పని చేసింది. షెడ్డులో యంత్రం తుడిచేది సాధారణంగా ఎవరో ఎవరినీ అడగనక్కర్లేదు. ఊడ్చడం, తుడవడం ఆడపని కదా! చట్టం ఆమెను అక్కడ ఉండకూడదంది కనుక ఆమెకు శిక్షణ ఇవ్వలేదు. ఆమె అక్కడ ఉన్నది కనుక గాయపడింది. గాయపడ్డాక, ఆమె అక్కడ ఉండకూడదు కనుక, ప్రమాదాన్ని నమోదు చేయకుండా ఉండటమే యజమానికి క్షేమమైంది. రక్షణ పేరుతో పెట్టిన నిషేధం చివరికి ఎవరిని రక్షించింది?

ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. అమెరికాలో సీసపు బ్యాటరీలు తయారుచేసే జాన్సన్ కంట్రోల్స్ సంస్థ 1982లో ఒక నియమం పెట్టింది. తమకు పిల్లలు పుట్టే అవకాశం లేదని డాక్టరు కాగితం తెచ్చిన వారు తప్ప స్త్రీలెవరూ సీసం తగిలే పనుల్లో ఉండకూడదని దాని సారాంశం. మంచి జీతం ఉన్న పనులు అవే. ఉద్యోగం నిలుపుకోవడానికి శస్త్రచికిత్స చేయించుకున్న స్త్రీ కూడా కోర్టుకెక్కిన వారిలో ఉంది. మరోవైపు, తండ్రి కావాలనుకుంటున్నానని, ఒంట్లో సీసం తగ్గడానికి కొంతకాలం సెలవు కావాలని అడిగిన ఒక పురుష కార్మికుడికి ఆ సెలవు ఇవ్వలేదు. సీసం మగవాడి వీర్యాన్ని కూడా దెబ్బతీస్తుందన్నది సంస్థకు పట్టలేదు. 1991 మార్చి 20న అమెరికా సుప్రీంకోర్టు ఆ నియమం చెల్లదని తీర్పు చెప్పింది. పుట్టబోయే బిడ్డల క్షేమం గురించిన నిర్ణయం తల్లిదండ్రులది, వాళ్లను పనిలో పెట్టుకున్నవాళ్లది కాదని చెప్పింది. ఈ కేసు మనకు నేర్పే పాఠం ఒకటే. పనిచోట విషం ఉంటే తీసేయాల్సింది విషాన్ని, స్త్రీని కాదు.

మన దేశంలో ఇప్పుడు గడియారం ముల్లు రెండో కొసకు తిరిగింది. 2020లో ఆమోదం పొంది 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ స్త్రీలు అన్ని రకాల సంస్థల్లో అన్ని పనులూ చేయవచ్చంటుంది. వారి సమ్మతితో రాత్రి పని కూడా చేయించవచ్చంటుంది. ప్రమాదకరమైన పనిలో స్త్రీలను పెట్టేముందు తగిన రక్షణలు కల్పించమని ప్రభుత్వం యజమానిని ఆదేశించవచ్చని 44వ సెక్షన్ చెబుతుంది. నిషేధం పోవడాన్ని మనం ఆహ్వానిస్తాం. అది మనం అడిగిందే. కానీ తలుపు తెరిచిన చట్టమే ఇంకో చోట గోడను కురచ చేసింది. కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అన్న పాత నిర్వచనాన్ని 20 మందికి మార్చింది. 10 మంది, అంతకు మించి ఉన్న సంస్థలకు నమోదూ, యజమాని సాధారణ బాధ్యతలూ ఉంటాయి. ఫ్యాక్టరీల కోసం ప్రత్యేకించిన నిబంధనలు మాత్రం 20 మంది లేని షెడ్డుకు వర్తించవు. కాంట్రాక్టు మీద ప్రెస్ పని చేసే చిన్న షెడ్లలో ఎంతమంది పనిచేస్తారో ఆ వాడల్లో ఒకసారి నడిచిన వారికెవరికైనా తెలుసు. ఇక సమ్మతి మాటకొస్తే, కాదంటే రేపటి నుంచి రావద్దనే చోట సంతకం సమ్మతి అవుతుందా?

వేలు తెగితే కనీసం రక్తం కనబడుతుంది. నిదానంగా వచ్చే జబ్బులకు ఆ సాక్ష్యం కూడా లేదు. లోహాన్ని కోసేటప్పుడు వేడి తగ్గడానికి పోసే కటింగ్ ఆయిల్ చేతుల మీద, ముంజేతుల మీద మొటిమలుగా, దురదగా, పగుళ్లుగా తేలుతుంది. సరిగా శుద్ధి చేయని ఖనిజ నూనెలు చర్మ క్యాన్సర్ కలిగిస్తాయన్నది చాలా కాలంగా తెలిసిందే. నూనె జిడ్డు వదిలించడానికి వాడే ట్రైక్లోరోఇథిలీన్ ఆవిరి తల తిప్పుతుంది, ఏళ్ల తరబడి పీలిస్తే మూత్రపిండాల క్యాన్సర్ దాకా తీసుకుపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో దీన్నీ, 2017లో వెల్డింగ్ పొగనూ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. పూత తొట్లలోని క్రోమియం అంతకు ముందే ఆ జాబితాకెక్కింది. అది చేతుల మీద మానని పుండ్లు వేస్తుంది, ముక్కు లోపలి మధ్య గోడకు చిల్లు పెడుతుంది.

మోత సంగతి వేరు. మన ఫ్యాక్టరీ నియమాల ప్రకారం 90 డెసిబెళ్ల మోతలో 8 గంటలకు మించి ఉండకూడదు. 95 అయితే 4 గంటలు, 100 అయితే 2 గంటలు. ఈ పరిమితులన్నీ ఎనిమిది గంటల రోజును లెక్కలో పెట్టుకుని కట్టినవి. ఓవర్‌టైమ్ పేరుతో రోజు 10, 12 గంటలకు సాగినప్పుడు చెవికి విశ్రాంతి తగ్గుతుంది, మోతాదు పెరుగుతుంది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పని గంటలను 9 నుంచి 10కి పెంచే సవరణను ఆమోదించినప్పుడు జీతం గురించి, పెట్టుబడుల గురించి చర్చ జరిగింది. చెవి గురించి, ఊపిరితిత్తుల గురించి ఎంత జరిగింది? ఇంటికి వెళ్లాక ఆమె చేసే ఇంకో నాలుగైదు గంటల చాకిరీ సంగతి సరేసరి. మోత వల్ల వచ్చే చెవుడు మొదట సన్నని శబ్దాలను మింగేస్తుంది. పక్క గదిలో పిల్లలు పిలిచినా వినబడదు. 'మీ అమ్మకు పొగరు, పిలిస్తే పలకదు' అన్న మాట మాత్రం ఆమెకు దక్కుతుంది.

ఈ ప్రమాదం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగదు కూడా. కార్మికుడి బట్టలతో పాటు సీసం ధూళి, నూనె, లోహపు పొడి ఇంటికి వస్తాయి. వాటిని నానబెట్టి, చేత్తో రుద్ది ఉతికేది ఎవరు? పనిచోట స్నానానికీ బట్టలు మార్చుకోవడానికీ వసతి లేకపోతే ఆ పని భారం, ఆ విషం కూడా జీతం లేని ఇల్లాలి మీద, నేల మీద పారాడే బిడ్డ మీద పడుతుంది. ఇక షెడ్డులో పనిచేసే స్త్రీకి మరుగుదొడ్డి లేకపోతే ఆమె చేసే పని నీళ్లు తాగడం మానేయడం. రేకు కప్పు కింద వేసవిలో నీళ్లు తాగకుండా పది గంటలు నిలబడితే మూత్రంలో మంట రాక ఏమొస్తుంది?

ఆ మంటతో ఆమె ఆసుపత్రికి వెళ్తుంది. అక్కడ అడిగే ప్రశ్నలు నెలసరి గురించి, కాన్పుల గురించి. ఏం పని చేస్తావని అడిగేవారు అరుదు. ఇటలీ వైద్యుడు రమజ్జీని 1700లో వృత్తి రోగాల మీద పుస్తకం రాస్తూ, రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో 'నీ వృత్తి ఏమిటి' అన్నది కూడా చేర్చమని తోటి వైద్యులకు చెప్పాడు. మూడు శతాబ్దాలు దాటినా ఆ ప్రశ్న మన అవుట్ పేషెంట్ గదులకు సరిగా చేరలేదు. చేరినా స్త్రీ విషయంలో 'మీ ఆయన ఏం చేస్తాడు' అన్న ప్రశ్నగా మారుతుంది. నూనె వల్ల వచ్చే చర్మవ్యాధి, క్రోమియం పుండు, మోత వల్ల వచ్చే చెవుడు ఇవన్నీ ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధుల జాబితాలో ఉన్నాయి. తెలియజేయాల్సిన బాధ్యత యజమానితో పాటు వైద్యం చేసే డాక్టరుకూ ఉంది. అడగని ప్రశ్నకు జవాబు రాదు, రాని జవాబు లెక్కకెక్కదు. లెక్కలో లేదు కనుక సమస్యే లేదంటారు.

స్త్రీల ఆరోగ్య ఉద్యమానికి మన ప్రాంతంలో ఘనమైన చరిత్ర ఉంది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను సరైన వివరం చెప్పకుండా స్త్రీల మీద ప్రయోగించబోతే, స్త్రీశక్తి సంఘటన అడ్డుకుంది, ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నా శరీరం మీద ఏం జరుగుతోందో తెలుసుకునే హక్కు నాదే అన్న మాట అక్కడ గట్టిగా వినబడింది. పటాన్‌చెరు మన రాష్ట్రంలో పేరున్న పారిశ్రామిక వాడ కూడా. ఇంజెక్షన్‌లో ఏముందో అడిగిన ఆ హక్కునే తొట్టిలో ఏముందో, డబ్బాలో ఏ ద్రావకం ఉందో అడిగే దాకా తీసుకుపోవాలి. ప్రభుత్వానికి స్త్రీ ఆరోగ్యం అంటే కాన్పు, కుటుంబ నియంత్రణ. మనకు మాత్రం ఆమె చెయ్యి, చెవి, చర్మం, ఊపిరితిత్తులు కూడా స్త్రీ ఆరోగ్యమే కావాలి.

మొదట చెప్పిన పట్టిక దగ్గరికి వద్దాం. సంపాదనా శక్తి అన్నప్పుడు చట్టం చూసేది జీతం తెచ్చే చేతిని. ఆ చెయ్యే పిండి కలుపుతుంది, బిడ్డకు జడ వేస్తుంది, ముసలి అత్తకు స్నానం చేయిస్తుంది. వీటికి ఆ షెడ్యూల్లో గడి లేదు. 1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ ఉత్సవంలో జరిగిన అగ్నిప్రమాదంలో మరణించిన గృహిణుల విషయంలో సుప్రీంకోర్టు 2001లో వారి ఇంటి సేవలకు నెలకు 3,000 రూపాయల విలువ కట్టింది. మొత్తం చిన్నదే కావచ్చు. ఇంటి పనికి విలువ కట్టవచ్చని, కట్టాలని దేశపు అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకోవడం చిన్నది కాదు. చనిపోయిన స్త్రీ ఇంటి పనికి విలువ ఉన్నప్పుడు, వేళ్లు పోయి బతికి ఉన్న కార్మికురాలి ఇంటి పనికి ఎందుకు ఉండకూడదు?

మనం అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని కొత్త కోడ్ 6వ సెక్షన్ చెబుతోంది. ఆ పత్రంలో ఆమె నిజంగా చేసే పని పేరు, దానికి తగిన జీతం ఉండాలి. ప్రెస్సు నడిపే స్త్రీని ప్రెస్ ఆపరేటర్ అనే రాయాలి. ఎంతమంది పనిచేస్తున్నారన్న దానితో సంబంధం లేకుండా ప్రెస్సు, క్రోమియం తొట్టి, సీసం, ద్రావకాలు ఉన్న ప్రతి షెడ్డుకూ ఫ్యాక్టరీ భద్రతా నిబంధనలు వర్తించేలా రాష్ట్ర ప్రభుత్వాలు చర్య తీసుకోవాలి. భద్రతా కమిటీ ఉన్న చోట దానిలో యంత్రం మీద పనిచేసే స్త్రీ ఉండాలి, ఆఫీసులో కూర్చునే స్త్రీని చూపించి సరిపెట్టకూడదు. విడిభాగాలు కొనే పెద్ద కంపెనీలు, ముక్క నాణ్యతను కొలిచినట్టే ఆ ముక్క తయారైన యంత్రానికి కంచె ఉందో లేదో కూడా చూడాలి.

ఇవి ప్రభుత్వాన్నీ యాజమాన్యాలనూ అడగాల్సినవి. మనం చేయగలిగిన పని కూడా ఒకటుంది. గత శతాబ్దం మొదట్లో ఆలిస్ హామిల్టన్ అనే అమెరికన్ డాక్టరు సీసం పరిశ్రమల్లో జబ్బుపడ్డ కార్మికుల కోసం వెతికేటప్పుడు ఫ్యాక్టరీ యజమానుల మాటతో ఆగిపోలేదు. ఆసుపత్రి రికార్డులు తిరగేసింది, కార్మికుల ఇళ్లకు వెళ్లింది, ఇంట్లో ఆడవాళ్లను అడిగింది. 1919లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం అధ్యాపకుల్లో తొలి మహిళ అయింది ఆమే. మన సంఘాలకు బస్తీల్లో మనుషులున్నారు, పొదుపు సంఘాల సమావేశాల్లో కూర్చునే చనువుంది. మీ బస్తీలో లోహపు పనికి వెళ్లే స్త్రీలెవరో తెలుసుకోండి. ఏ యంత్రం, ఎన్ని గంటలు, ఏ నూనె, చేతి మీద ఏ మచ్చ, నియామక పత్రం ఉందా, ఇ.ఎస్.ఐ. కార్డు ఉందా అని అడిగి, వారి అనుమతితో రాసి పెట్టండి. పేర్లు బయటపెట్టకుండా ఆ వివరాలు మాకు పంపండి. తన పనిచోట భద్రత గురించిన సమాచారం అడిగే హక్కూ, తక్షణ ప్రమాదం కనబడితే యజమానికీ ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పే హక్కూ కొత్త కోడ్ 14వ సెక్షన్ ఆమెకు ఇచ్చాయని ఆమెకు చెప్పండి. ఒంటరిగా అడిగితే పని పోతుంది. పదిమంది కలిసి అడిగేటప్పుడు వాళ్ల వెనుక సంఘం ఉందని యజమానికి తెలియాలి.